మానెడు నెయ్యి బాకీ

ప్రభుత్వ యూనివర్సిటీలో హిస్టరీ చదువుతున్నానంటే జనం ముందు జాలిపడతారు, తర్వాత గ్రూప్స్ ప్రిపరేషన్ ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. ఎమ్మే హిస్టరీలో చరిత్ర కోసం చేరేవాళ్లు తక్కువేనని మా డిపార్ట్‌మెంటులో అటెండరుతో సహా అందరికీ తెలుసు. హాస్టల్లో మంచం, మెస్సులో భోజనం, లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ, నోటిఫికేషన్ పడేదాకా తలదాచుకునే చోటు, ఇవన్నీ ఒక్క అడ్మిషన్‌తో వచ్చేస్తాయి. మా సెమినార్ హాల్లో శాతవాహనులు బిట్ల రూపంలో తప్ప కనపడరు.

అలాంటిచోట శాసనాల మీద పీహెచ్‌డీ చేస్తానంటే మా గైడుగారే కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"స్వాతంత్ర్యోద్యమంలో మీ జిల్లా పాత్ర అని తీసుకోరాదుటమ్మా? హాయిగా అయిపోతుంది."

అది మా సబ్జెక్టులో సనాతన ధర్మం. ప్రతి జిల్లాకీ ఆ పేరుతో ఒక థీసిస్ బీరువాలో ఉంటుంది. ఇక జిల్లాలు అయిపోయాయని అందరూ దిగులుపడుతుంటే 2022లో ప్రభుత్వం 13 జిల్లాలను 26 చేసి పరిశోధనను ఆదుకుంది. నేను మాత్రం వేంగినాట గుళ్లకు ఇచ్చిన దీపదానాలన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ద్రాక్షారామం శాసనాలే వందల్లో అచ్చయి ఉన్నాయి, వాటిని లైబ్రరీలో కూర్చుని చదవొచ్చు. కానీ కనీసం ఒక్క శాసనానికైనా సొంత చేత్తో నకలు తీయాలి. "రాయి తడపనివాడికి శాసనం ఏం తెలుస్తుంది?" అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన రాళ్లు తడిపిన రోజుల్లో ఊళ్లలో సెల్‌ఫోన్లు లేవు. ఆ తేడా ఎంత పెద్దదో మాకు ఊరు చేరాక తెలిసింది.

గోదావరి జిల్లాల్లోని ఆ ఊరు పేరు చెప్పను, నేను మళ్లీ వెళ్లాల్సిన ఊరు. సాయానికి మా జూనియర్ ఒకడు వచ్చాడు. సామాను సంచిలో గట్టి కుచ్చుల బ్రష్షు, నకలు తీసే మాప్‌లితో కాగితాల చుట్ట, నల్లసిరా, ఆ సిరా అద్దడానికి దూది కూరి కట్టిన గుడ్డమూట, అరిగిన అక్షరాల్లో రుద్దితే తెల్లగా కనపడతాయని కాస్త బియ్యప్పిండి. ఎండాకాలం కదా, దారిలో షర్బత్తు కలుపుకోవచ్చని మావాడు రెండు నిమ్మకాయలు కూడా వేశాడు. డిపార్ట్‌మెంటు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం ఉంది. దాంట్లో ఊరందరికీ అర్థమైంది గుండ్రటి స్టాంపు ఒక్కటే.

శివాలయం వెనక, బోరింగు పక్కన నాలుగు పలకల రాతి స్తంభం. ఒక పలక మీద ఎవరిదో పాత ఎన్నికల గుర్తు, ఒక పలక బర్రె ఒళ్లు రుద్దుకుని నున్నబడింది. మిగతా రెంటి మీద సున్నం పొరల కింద అక్షరాలున్నాయి. కడగడం మొదలెట్టాం.

ముందు ఒక ముసలమ్మగారు వచ్చి అరుగు మీద చతికిలబడి మమ్మల్ని చాలాసేపు చూశారు. పనివేళ కాని వేళ, పాడుబడ్డ గుడి వెనక, సంచితో ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు.

"ఇంట్లో చెప్పే వచ్చారా?" అన్నారు.

మావాడు అమాయకంగా "అక్కా, నీళ్లు చాలా?" అనడంతో ఆవిడ అనుమానం అక్కడితో తీరిపోయింది. నిరాశ కూడా కలిగినట్టుంది. లేచి వెళ్లిపోయారు. ఆవిడ వెళ్లిన దిక్కునుంచే కాసేపటికి ఇరవైమంది వచ్చారు.

గుళ్లో లంకెబిందెలున్నాయన్న కథ లేని ఊరు తెలుగునాట ఉండదనుకుంటాను. వాటికోసం రాత్రిపూట నంది విగ్రహాలు పెకలించేవాళ్లు కూడా నిజంగానే ఉన్నారు, కాబట్టి ఆ ఊరివాళ్లను తప్పు పట్టలేం. పైగా సంచి బోర్లిస్తే నిమ్మకాయలు, పిండి, నల్లసిరా, గుడ్డమూట వరసగా బయటపడ్డాయి. ఇంకో కోడిపిల్ల ఉంటే క్షుద్రపూజకు లోటే లేదు.

"షర్బత్తుకండీ" అన్నాడు మావాడు.

"పిండి కూడానా?" అన్నారు గుంపులోంచి.

సచివాలయం నుంచి మహిళా పోలీసు వచ్చింది. నా వయసే ఉంటుంది. ఆధార్ కార్డులు ఫోటో తీసుకుంది, ఉత్తరం చదివింది, "నేనూ ఎమ్మే హిస్టరీయే మేడమ్, దూరవిద్య" అని చెవిలో చెప్పింది. అంతలోనే గొంతు పెంచి, "వీళ్లు యూనివర్సిటీవాళ్లేనండి, రాయి చదువుతారంట" అని ప్రకటించింది. వెంటనే మాజీ సర్పంచ్ గారు ముందుకొచ్చారు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"అయితే చదవమనండి చూద్దాం. దొంగో దొరో తేలిపోద్ది."

వైవా అంటే యూనివర్సిటీలో ముగ్గురు కూర్చుని టీ తాగుతూ చేసేదే అనుకునేదాన్ని. ఇక్కడ ఊరంతా నిలబడి చేసింది. తడి కాగితం రాయికి పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, సగం ఆరాక సిరా అద్దుతుంటే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ క్షణం కోసమే మా బాధలన్నీ. స్టైపెండు నెలల తరబడి రాకపోయినా మర్చిపోయేలా చేసే క్షణం.

"స్వస్తి శ్రీ, శకవర్షంబులు 1030..." అని మొదలెట్టాను. "దానికి 78 కలిపితే 1108. అప్పుడు కులోత్తుంగ చోళుడి పాలన. మన రాజమండ్రి రాజరాజ నరేంద్రుడి కొడుకే. తల్లి చోళుల ఆడపడుచు అమ్మంగదేవి. ఆ చుట్టరికంతోనే 1070లో వెళ్లి చోళ సింహాసనం ఎక్కాడు."

"మనూరి కుర్రోడు మద్రాసు ఎల్లి సెటిలయ్యాడన్నమాట" అన్నారొకరు. రాజధాని గంగైకొండ చోళపురమని చెప్పబోయి మానుకున్నాను, గుంపు మొదటిసారి నా మాట నమ్ముతోంది.

"రాజుగారు ఏవుట్లండి?" అని ఇంకొకరు. కులం అడిగే ఈ ప్రశ్న రాని ఫీల్డ్‌వర్క్ లేదు. దానికి జవాబు చెప్పకుండా తర్వాతి పంక్తికి వెళ్లడమే పీహెచ్‌డీలో నేను సంపాదించిన అసలు నైపుణ్యం.

తర్వాతి పంక్తిలో నిధి ఉంది. ఎవరో ఒక భక్తుడు ఈ గుళ్లో అఖండదీపం వెలిగించడానికి 50 గొర్రెల్ని దానం ఇచ్చాడు. గొర్రెల్ని ఒక కాపరి తీసుకున్నాడు. బదులుగా అతనూ, అతని సంతతీ రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి, సూర్యచంద్రులు ఉన్నంతకాలం. వేంగినాట దీపదానాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. డబ్బు బ్యాంకులో వేసి వడ్డీతో దీపం పెట్టడం లాంటిదే, కాకపోతే అసలు మేత మేస్తుంది.

"నిధి అంటే గొర్రెలా?" అని గుంపు సగం పల్చబడింది. అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ వెనక వరసలో కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు.

"ఆ కాపరి పేరేటమ్మా?"

చెప్పాను. పెద్దాయన మొహం మారింది. ఆ పేరు, వాళ్ల ఇంటిపేరు దాదాపు ఒకటే. ఊళ్లో ఇప్పటికీ గొర్రెలున్నది ఆయనకొక్కడికే. అందరూ ఆయనవైపు తిరిగారు.

"నెయ్యి పోస్తన్నావేటి?" అన్నారు మాజీ సర్పంచ్ గారు.

"నాకేటి తెలుసండి!"

మాజీ సర్పంచ్ గారు ఫోనులో కాలిక్యులేటర్ తీశారు. ఆయనకు లెక్కల మీద అభిమానమట. పైన పదిహేడేళ్లు దయతలిచి వదిలేసి, లీపు సంవత్సరాలు కూడా మాఫీ చేసి, 900 ఏళ్లు ఇంటూ 365 రోజులు, 3,28,500 మానెళ్లు. ఏ మానిక, పాతదా కొత్తదా అని కాసేపు వాదన నడిచింది. చివరికి కిలో కింద ఖాయం చేశారు. కిలో 700 చొప్పున 22 కోట్ల 99 లక్షల 50 వేలు. వడ్డీ కాకుండా.

"గుడికింద తవ్వడం ఎందుకండీ, నిధి ఈడి దొడ్లోనే ఉంది" అన్నారెవరో. పూజారిగారు ధూపదీప నైవేద్యాలకు నెలనెలా వచ్చేదెంతో తలుచుకుని ఆశగా చూశారు.

పెద్దాయన పోరాడాడు. "1996 తుపానులో మా నాయన మందంతా కొట్టుకుపోయిందండి. ఆ యాభై కూడా అందులోనే ఉంటాయి" అన్నాడు. ఇక్కడ చరిత్ర విద్యార్థిగా నిజం చెప్పక తప్పలేదు. చోళుల తమిళ శాసనాలు ఇలాంటి గొర్రెల్ని చావనివి, ముసలివి కానివి అంటాయి. ఒకటి పోతే పుట్టిన పిల్లతో లెక్క నింపాలి, మంద ఎప్పుడూ తగ్గకూడదని అర్థం. ఆ దెబ్బకు తుపాను వాదన కూడా కొట్టుకుపోయింది. పెద్దాయన నావైపు చూసిన చూపుకు మా డాక్టోరల్ కమిటీ నయమనిపించింది.

"రెండో పలక కూడా చదవండమ్మా, వడ్డీ ఎంతో ఉంటాదేమో" అన్నారు మాజీ సర్పంచ్ గారు ఉత్సాహంగా.

రెండో పలక మీద వడ్డీ లేదు, భూమి ఉంది. గుడికి ఇచ్చిన పొలం, దాని హద్దులు. తూర్పున కాలువ, దక్షిణాన దిబ్బ, పడమట శ్మశానానికి వెళ్లే బాట. నేను ఒక్కో హద్దూ చదువుతుంటే పిల్లలు చేతులు చాపి చూపిస్తున్నారు. ఆ కాలువ అదే, ఆ దిబ్బ అదే. నాలుగు హద్దుల మధ్యా మిలమిలా మెరుస్తూ ఒక రొయ్యల చెరువు, నాలుగు మూలలా ఏరేటర్లు తిరుగుతూ. అది ఎవరిదని అడగాల్సిన పని లేకుండా ఊరంతా గొంతు సవరించుకుంది.

శాసనం చివర మామూలుగా ఉండేదే ఉంది. స్వదత్తాం పరదత్తాం వా. తానిచ్చిన భూమినైనా, ఇతరులిచ్చిన భూమినైనా కాజేసినవాడు 60,000 ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడు. నేను అర్థం చెప్పకుండానే ఆపేద్దామనుకున్నాను గానీ పూజారిగారు ఉండబట్టలేకపోయారు. రెండుసార్లు చెప్పారు.

అప్పటిదాకా కర్ర మీద వాలి ఉన్న పెద్దాయన నిటారయ్యాడు.

"ఓ పాలి ఆ లెక్కల మిషనిటు ఇస్తారేటండి?"

"రొయ్య కూడా పురుగు కిందకే వస్తాదా అండి?" అని ఒక కుర్రాడు నిజమైన సందేహంతోనే అడిగాడు. వాడికి నెత్తిన ఒకటి పడింది.

మాజీ సర్పంచ్ గారిలో అతిథి మర్యాద ఒక్కసారిగా పొంగింది. ఎండన పడి వచ్చిన పిల్లలు, భోజనం వేళ దాటిపోయింది, తొమ్మిది వందల ఏళ్లనాటి మాటలు ఇప్పుడెందుకు, పెద్దాయన మాత్రం ఎక్కడినుంచి తెస్తాడు అంత నెయ్యి, రండి రండి అని మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లారు. రొయ్యల వేపుడు చాలా బాగుంది. సిద్ధాంతరీత్యా తినకూడదని మావాడు గొణిగాడు గానీ రెండోసారి వడ్డించుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి మొదటి పలక నకలు ప్రహరీ మీద ఆరుతోంది. రెండో పలకది లేదు. దాని మూల ముక్క ఒకటి పెద్దాయన పొట్టేలు నోట్లో ఉంది. 50 గొర్రెల సంతతే కాబట్టి దానికి ఆ రాతల మీద ఏదో హక్కు ఉండొచ్చు, కానీ తినాల్సింది మొదటి పలక, తిన్నది రెండోది. పెద్దాయన నెత్తి బాదుకున్నాడు. మాజీ సర్పంచ్ గారు మాత్రం ఆ పొట్టేలు వీపు నిమిరారు. మళ్లీ తీద్దామంటే కాగితాలు అయిపోయాయి, బస్టాండుకు ఆటో కూడా ఆయనే మాట్లాడేసి గుడి ముందు నిలబెట్టారు.

ఫోటోలు తీసుకోలేదా అంటారు. బోలెడు తీశాం. ప్రతిదాంట్లోనూ రాయికి ఆనుకుని, అక్షరాలన్నీ కప్పేసి, తెల్లచొక్కాలో మాజీ సర్పంచ్ గారు నవ్వుతున్నారు.

గైడుగారు అంతా విని, "పొట్టేలు సంగతి ప్రోగ్రెస్ రిపోర్టులో రాయకు, ఆడిట్‌వాళ్లు దానికి బిల్లు అడుగుతారు" అన్నారు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఇప్పటి సర్పంచ్ గారు రెండో పలక మళ్లీ తీయడానికి కారు పంపిస్తానంటారు. మాజీ గారు థీసిస్ బైండింగ్ ఖర్చు తనదే అంటారు, మొదటి పలక చాలదా అంటారు. ఒక పీహెచ్‌డీ కోసం రెండు వర్గాలు ఇంతగా పోటీపడటం మా డిపార్ట్‌మెంటు చరిత్రలో లేదు.

సంక్రాంతికి పెద్దాయన కూడా ఫోన్ చేశాడు.

"గుళ్లో కిలో నెయ్యి ఇచ్చానమ్మా. ఆవునెయ్యే. బాకీలో జమేసుకుని రసీదు ఇమ్మంటే పూజారిగారు నాకు అధికారం లేదంటన్నారు. చదివింది తవరే కదా, మీ యూనివర్సిటీ గుండ్రటి స్టాంపుతో ఓ ముక్క రాసి పంపుతారేటి? మిగతా 3,28,499 మా పెద్దోడి పేర రాసెయ్యండి."