ఇండస్ట్రియల్ ట్రైనింగ్ లాగ్ బుక్ గారికి ఓ ఉల్లిపాయల ట్రైనీ లేఖ

మహారాజశ్రీ లాగ్ బుక్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. నా కుశలం అంతంతమాత్రమే అనుకోండి, నడుం పట్టేసింది, తమరు మాత్రం అట్ట వేయించుకుని నీట్‌గా ఉన్నారు కాబట్టి ఉభయం అనేశా.

ట్రైనింగ్‌లో చేసిందంతా వారం వారం తమరిలోనే రాయాలి కదా, అసలు మన సంబంధమే కన్‌ఫ్యూజన్‌తో మొదలైందండీ. జేఈఈ రాశా అంటే చుట్టాలు ఐఐటీ అనుకున్నారు, నేను రాసింది ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ, హోటల్ మేనేజ్‌మెంట్‌ది. ఇప్పుడేమో హోటల్లో చేసే ఈ ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌ని మేమంతా ఐటీ అంటాం కదా, ఫోన్లో "ఐటీలో ఉన్నా మామయ్యా" అని నోరు జారా, ఆయన ఊరంతా చెప్పేశాడు.

సరే విషయానికొస్తా. తమరిలో "ఈ వారం నేర్చుకున్నది" అని ఒక గడి ఉంది చూశారూ, దానితోనే వచ్చింది తంటా. కాలేజీలో ఐదు మదర్ సాసులు, అంటే మిగతా సాసులకి మూలమైనవి, బట్టీ కొట్టించారు, బెషమెల్, వెలూటే, ఎస్పాన్యోల్, హాలండేజ్, టొమాటో, నిద్రలో లేపినా చెప్తా. బ్రూనాయిజ్ అంటే 3 మిల్లీమీటర్ల ముక్క అని స్కేలు పెట్టి కొలిచి మరీ మార్కులేశారు. హైదరాబాద్‌లో ఈ హోటల్ కిచెన్లో అడుగుపెట్టి అదే చెప్తే షెఫ్ నన్ను ఎగాదిగా చూసి రెండు గోనెసంచుల ఉల్లిపాయలు చూపించాడు. పెళ్ళిళ్ళ సీజన్, బిర్యానీలోకి బిరిస్తా, అదే ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, కావాలి. 11 రోజులు అదే పని, నా కళ్ళనీళ్ళు చూసి ఇంటిమీద బెంగనుకుని గిన్నెలు కడిగే అన్న ఓదార్చాడు కూడా పాపం. తమరిలో ఏం రాశానో గుర్తుందా? "భారతీయ గ్రేవీలపై సమగ్ర అవగాహన."

తర్వాత సర్వీసు, అంటే గెస్టులకి వడ్డించే విభాగం. వెనిగర్ కలిపిన వేడినీళ్ళలో స్పూన్లు ముంచి తుడవడం. ఆ మూడు వారాల్లో నాకు కనిపించిన గెస్టు ఎవరయ్యా అంటే స్పూన్లో తలకిందులుగా కనిపించే నా మొహమే.

ప్రాక్టికల్ డిగ్రీ వద్దనట్లేదండోయ్, దానికోసమే కదా ఇంట్లో గొడవపడి చేరింది. హౌస్‌కీపింగ్‌లో ఒక అక్క ఉంది, దుప్పటి అంచు పరుపు మీదికి ఎత్తి, కిందిది లోపలికి దోపి, పైది దించి మళ్ళీ దోపింది, మూల కవరు మడతలా వచ్చింది, నేను రెప్ప వేసేలోపు అయిపోయింది. దీన్నే మేం మైటర్ కార్నర్ అని బొమ్మ గీసి 5 మార్కులకి చదివాం. నాకు నాలుగు రోజులు పట్టింది, తిట్టింది, మళ్ళీ చూపించింది. ఆమె సంతకానికి మాత్రం తమరిలో గడి లేదు, సూపర్‌వైజర్‌కి ఉంది, ఆయన నన్ను చూసిందే సంతకం రోజు, చూసి "నువ్వెప్పుడు చేరావ్" అన్నాడు.

నిన్న మామయ్య మళ్ళీ ఫోన్. జీతమెంతరా అన్నాడు. స్టైపెండ్ ఎంతో చెప్పా. కాసేపు ఆగి, "పర్లేదులేరా, ఇంకా ప్రాజెక్టు రాక బెంచ్ మీదున్నట్టున్నావ్" అన్నాడు.

బెంచా మామయ్యా, పొద్దున్నుంచి కూర్చుంటే ఒట్టు.

ఇట్లు,
తమరి గడులు నింపలేక చస్తున్న ట్రైనీ