షావుకారు వీలునామా

1815 మార్చి 15న ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 86 ఏళ్ల బ్యాంకరు ఒకాయన తన వీలునామాకు తుదిరూపం ఇచ్చారు. పేరు యోహాన్ ఫ్రీడ్రిష్ ష్టేడెల్. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. తండ్రి వదిలివెళ్లిన సుగంధ ద్రవ్యాల వ్యాపారం, దాని మీద తను పెంచుకున్న బ్యాంకింగు కలిసి ఊళ్లో పెద్ద షావుకార్లలో ఒకరిని చేశాయి. రోస్‌మార్క్ట్ కూడలిలోని ఇంటి గోడల నిండా బొమ్మలే. సుమారు 500 వర్ణచిత్రాలు, వేల సంఖ్యలో రేఖాచిత్రాలు, ముద్రణలు. గోథే అంతటివాడు ఆ ఇంటికి వెళ్లి చూసి, వాటి గురించి రాశాడు. ఆ ఇల్లు, ఆ బొమ్మలు, 13 లక్షల గుల్డెన్ల ఆస్తి అంతా ఒక కళాసంస్థకు చెందాలన్నది వీలునామా సారాంశం. సంస్థకు తన పేరే పెట్టుకున్నారు. అంత ఇచ్చినవాడికి ఆ మాత్రం ముచ్చట ఉంటే మేం తప్పు పట్టం.

ధనికులు బొమ్మలు కొనడం, పోయేటప్పుడు ఊరికి ఇచ్చిపోవడం కొత్త సంగతి కాదు. ఈ వీలునామాను ఇవాళ గుర్తు చేసుకోవడానికి కారణం అందులోని షరతులు. ఫ్రాంక్‌ఫర్ట్ పౌరుల్లో డబ్బులేనివారి పిల్లలు కళాకారులో, కట్టడాల నిపుణులో కావాలనుకుంటే వారికి ఉచితంగా చదువు చెప్పించాలి. ఆడపిల్లా మగపిల్లాడా అని చూడకూడదు, ఏ మతమని అడగకూడదు. యూదులు గెట్టో అనే ప్రత్యేక వాడ గోడల మధ్య బతికిన రోజులు ఇంకా జ్ఞాపకాల్లో ఉన్న నగరంలో, 1815లో, ఒక వ్యాపారి రాసిన వాక్యమిది. ‘పౌరుల పిల్లలకే’ అన్న గీత మాత్రం ఉంది. కాలం అంతవరకే అనుమతించిందనుకోవాలి.

అంతకన్నా అరుదైన షరతు ఇంకొకటి. జీవితమంతా ఏరి కూర్చుకున్న బొమ్మల్లో నాసిరకానివో అంతంతమాత్రానివో ఉంటే వాటిని ఇచ్చేసి మంచివి తెచ్చుకోవచ్చని ధర్మకర్తలకు ఆయనే స్వేచ్ఛ ఇచ్చారు. నిర్వహణ ఐదుగురు నగరవాసుల చేతిలో పెట్టారు. దాతలు డబ్బుతో పాటు తమ అభిరుచిని కూడా తరతరాల నెత్తిన రుద్దిపోవడం చూస్తూనే ఉంటాం. తను కొన్న బొమ్మలన్నీ గొప్పవి కాకపోవచ్చని ఒప్పుకోవడానికి డబ్బు ఇవ్వడం కంటే పెద్ద మనసు కావాలి.

1816 డిసెంబరులో ఆయన పోయారు. ఆ వెంటనే స్ట్రాస్‌బుర్గ్‌లోని దూరపు చుట్టాలు కోర్టుకెక్కారు. వారి వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు: వారసుడు, ఆస్తి ఇచ్చినవాడు పోయే నాటికి ఉండాలి కదా? ఈ సంస్థ ఆ వీలునామాతోనే పుడుతోంది, లేనిదానికి ఆస్తి ఎలా వస్తుంది? తండ్రి పోయాక పుట్టిన బిడ్డకు వాటా ఉన్నప్పుడు సంస్థకు ఎందుకుండదన్నది అవతలి పక్షం. జర్మన్ న్యాయపండితులు రెండు వైపులా చేరి కత్తులు దూశారు. చివరికి 1828లో రాజీ. చుట్టాలకు 3 లక్షల గుల్డెన్లకు పైగా ముట్టజెబితే గానీ మిగతాది పిల్లలకు దక్కలేదు. దాత పోయాక గుర్తింపు పొందిన సంస్థ, ఆయన ఇచ్చిన ఆస్తి విషయంలో ముందునుంచీ ఉన్నట్టే లెక్క అని 1900లో అమల్లోకి వచ్చిన జర్మన్ పౌరస్మృతి 84వ సెక్షన్‌లో రాసుకుంది. ఆ మాట కోసం ఒక తరం యువ చిత్రకారుల సొమ్ము ఖర్చయింది.

తర్వాతి కథ నల్లేరు మీద నడకేం కాదు. 1830లో సంస్థకు డైరెక్టరైన ఫిలిప్ వైట్ కేథలిక్ భక్తిచిత్రాలకు పేరుపడ్డ కళాకారుడు. చర్చిని ఎదిరించిన యాన్ హుస్ మీద లెస్సింగ్ వేసిన పెద్ద చిత్రాన్ని ధర్మకర్తలు కొనడం ఆయనకు గిట్టలేదు. 1843లో రాజీనామా చేసి వెళ్లిపోయారు. చిత్రం ఉండిపోయింది. షావుకారు ఇచ్చిన స్వేచ్ఛను ధర్మకర్తలు వాడుకున్న తీరు ఇది. వైట్ లాంటి గురువును పోగొట్టుకోవడం విద్యార్థులకు నష్టమే అయినా, మా దృష్టిలో ఆ కొనుగోలు సబబే.

మైన్ నది దక్షిణపు ఒడ్డున 1878లో కట్టిన భవనంలో మ్యూజియం నేటికీ ఉంది. దాని వెనక డ్యూరర్ వీధిలో కళాశాల. అక్కడిప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ పౌరుల పిల్లలే కాదు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవారు చదువుతున్నారు. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లోనే, ఆ ఊళ్లో ఎనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్న చిత్రకారుడు మాక్స్ బెక్‌మన్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. 1937లో ‘దిగజారిన కళ’ అని ముద్రవేసి మ్యూజియంలోని ఆధునిక చిత్రాలను పట్టుకుపోయారు. వాటిలో వాన్‌గో వేసిన డాక్టర్ గాషే చిత్రం కూడా ఉంది. అది 1990లో న్యూయార్క్ వేలంలో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు పోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిగిలింది దాని చట్రం. 2019లో వాన్‌గో చిత్రాల ప్రదర్శన పెట్టినప్పుడు మ్యూజియం ఆ చట్రాన్ని, అలా ఖాళీగానే, గోడకు తగిలించింది.