పట్టాల మీద పకోడీ నూనె

కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని, వణికే చేతులతో నా బొమ్మ రైలు ఆరు బోగీలు పట్టాలెక్కించేసరికి అరగంట పట్టింది. ఇంతలో మావాడు దిగబడ్డాడు. రిటైరైన లోకో పైలట్. "ఒరేయ్, మన బ్రాడ్‌గేజ్ ఇంత ఇరుగ్గా ఉంటుందట్రా?"

తెలుసురా బాబూ! ఈ బొమ్మ రైళ్ళ కొలత హెచ్‌ఓ, అంటే అసలు రైలులో 87వ వంతు. మన పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లకి 19 పైనే రావాలి. దొరికే పట్టాలేమో విదేశాల 1435 లెక్కవి, పదహారున్నరే. నేనేం చెయ్యను? ప్రతి ఆదివారం ఇదే పాట.

పైగా టీ గ్లాసు సరిగ్గా ప్లాట్‌ఫామ్ మీదే పెడతాడు. పకోడీ తిన్న వేళ్ళతో పట్టాలు తడుముతాడు. జిడ్డంటితే కరెంటు సరిగ్గా అందదు, ఇంజను ఎక్కిళ్ళు పెడుతుంది. స్పిరిట్, దూది పట్టుకుని తుడిచేది నేనే.

పోయిన ఆదివారం రాలేదు. బండి ఒక్కచోటా ఆగలేదు. విసుగొచ్చి నేనే ఫోన్ చేశాను.