‘ముందెక్కినవాళ్లదే జాగా’: విశాఖ సిటీ బస్సుల మీద తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

విశాఖలో కాలనీ గ్రూపుల్లోనూ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇది. సిటీ బస్సులో వీల్‌చైర్ కోసం వదిలిన జాగా దండగ, ఎక్కేవాళ్లే లేరు. వచ్చినా కుర్చీ మడిచి మనిషిని ఎత్తి సీట్లో కూర్చోబెడితే సరిపోతుంది. పిల్లల బండికీ వీల్‌చైర్‌కీ ఒకే హక్కు, ముందెక్కినవాళ్లదే జాగా, ఇంగ్లండు సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. టికెట్టు కొట్టించుకున్న లగేజీని జరపమనే అధికారం ఎవరికీ లేదు. ఎలక్ట్రిక్ బస్సులు వస్తే ఈ గొడవే ఉండదు.

చదవగానే న్యాయంగానే అనిపిస్తుంది. అందుకే ఇంతమంది ముందుకు పంపుతున్నారు. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

“ఎక్కేవాళ్లే లేరు, జాగా దండగ.”

చాలా రూట్లలో వీల్‌చైర్‌తో ఎక్కేవాళ్లు కనిపించని మాట నిజమే. ఎందుకు కనిపించరో మాత్రం మెసేజ్ చెప్పదు. పాత తరహా సిటీ ఆర్డినరీ బస్సు నేల రోడ్డుకి దాదాపు 900 మిల్లీమీటర్లు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ ఎత్తులో ఉంటుంది. ఇరుకు తలుపు, దాని వెంటనే మెట్లు. వీల్‌చైర్‌లోని మనిషి సొంత చేతులతో ఎక్కగల ర్యాంపు వాలు 1:12, అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడుగు. ఆ లెక్కన 900 మిల్లీమీటర్లకి 10.8 మీటర్ల ర్యాంపు కావాలి. అది ఇంచుమించు బస్సంత పొడుగు. కాబట్టి ఆ బస్సుకి ర్యాంపు బిగించే మాటే లేదు. లిఫ్టయినా పెట్టాలి, మనిషినైనా మోయాలి.

లోఫ్లోర్ బస్సు లెక్క వేరు. దాని నేల ఎత్తు 400 మిల్లీమీటర్లు. తలుపు వైపు ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి తగ్గించి బస్సును ఆ పక్కకి వంచే ఏర్పాటు, అదే నీలింగ్, ఉంటే ఇంకో 80 దాకా తగ్గుతుంది. మిగిలింది 320 అనుకుందాం. బస్సు 150 మిల్లీమీటర్ల ఫుట్‌పాత్‌కి ఆనుకుని ఆగితే ర్యాంపు దాటాల్సిన ఎత్తు 170 మాత్రమే. మీటరు పొడుగు ర్యాంపు మీద అది దాదాపు 1:6 వాలు. వెనక ఒకరు తోస్తే ఎక్కేస్తుంది. అదే బస్సు రెండు మీటర్లు ఇవతల, రోడ్డు మధ్యలో ఆగిందనుకోండి, ర్యాంపు తారు మీద పడుతుంది, వాలు 1:3 అవుతుంది. ఆ వాలు మీద తోసేవాడి కాళ్లు జారతాయి, కుర్చీ ముందు చక్రాలు లేచి మనిషి వెల్లకిలా పడే ప్రమాదం ఉంది. జగదాంబ దగ్గరైనా మద్దిలపాలెం దగ్గరైనా బస్టాపు ముందు షేర్ ఆటోలు వరస కట్టి ఉంటే డ్రైవరు రోడ్డు మధ్యలో కాక ఎక్కడ ఆపుతాడు?

ఎక్కలేని బస్సులో ఎక్కేవాళ్లు కనిపించరు, దాన్ని అవసరం లేదనడానికి రుజువుగా చూపకూడదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 41వ సెక్షను రవాణా సదుపాయం గురించే. వికలాంగులకి అందుబాటు సదుపాయాల కోసం వేసిన రాజీవ్ రతూరి కేసులో 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ప్రభుత్వ రవాణా వాహనాల్లో 10 శాతం 2018 మార్చికల్లా పూర్తిగా అందుబాటులోకి రావాలన్న గడువు కూడా ఉంది.

ఇక దండగ మాట. ఆ జాగాను ఖాళీగా అట్టేపెట్టమని ఎవరూ అనలేదు. అక్కడ గోడకి మడిచే సీట్లు ఉంటే కూర్చోవచ్చు, లేకపోతే నిలబడవచ్చు. వీల్‌చైర్ వచ్చినప్పుడు లేవాలి, జరగాలి. అంతే.

“కుర్చీ మడిచి, మనిషిని ఎత్తి కూర్చోబెడితే సరి.”

ఈ సలహా వల్ల మనుషులకి దెబ్బలు తగులుతాయి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి నడుము మీద పట్టు ఉండదు. కుర్చీ వీపు, పక్క పలకలు వాళ్లని నిలబెడతాయి. బస్సు సీటుకి అవేవీ ఉండవు, మొదటి మలుపులోనే పక్కకి ఒరిగిపోతారు. పిరుదుల కింద ఉండే మెత్త సుఖం కోసం వేసుకున్నది కాదు. స్పర్శ లేనిచోట ఒత్తిడి పుళ్లు రాకుండా వాడేది అది. గట్టి సీటు మీద గాజువాక దాకా కూర్చుంటే పుండు మొదలవ్వచ్చు, అది మానడానికి నెలలు పట్టవచ్చు. యూరిన్ బ్యాగు గొట్టం ఉన్న మనిషిని తెలియనివాళ్లు గభాలున ఎత్తితే గొట్టం లాగేస్తుంది. చంకల కింద చేతులు వేసి ఎత్తితే భుజం కీలు దెబ్బతింటుంది. బ్యాటరీ వీల్‌చైరైతే మడవడానికి వీలుండని రకాలే ఎక్కువ, బరువు 50 కిలోల పైమాటే, 100 దాకా కూడా ఉంటుంది.

అయినా ఎత్తు బస్సే వచ్చింది, కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లక తప్పదు, కుర్చీలో మనిషి కూడా సరేనన్నారు అనుకోండి. అప్పుడు ముందుగా వాళ్లనే అడగండి, ఎక్కడ పట్టుకోవాలో వాళ్లకే బాగా తెలుసు. తలుపు సరిపడా వెడల్పు ఉంటే మనిషి కుర్చీలో ఉండగానే వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు మెట్ల వైపు ఉండేలా ఎక్కించాలి. ఒకరు మెట్ల మీద నిలబడి తోసే హ్యాండిళ్లు పట్టుకోవాలి, ఇంకొకరు కింద నుంచి సీటు పక్కనున్న ఇనుప ఫ్రేము పట్టుకోవాలి. చేతుల కింది పలకలనీ కాళ్లు పెట్టుకునే పలకలనీ పట్టుకోవద్దు. చాలా కుర్చీల్లో అవి ఊడదీసుకునే రకం, బరువు పడగానే చేతికి వచ్చేస్తాయి. సాయం పట్టేవాళ్లు మామూలుగా ముందు పట్టుకునేవి కూడా అవే.

కుర్చీ వెడల్పు 60 నుంచి 70 సెంటీమీటర్లు. చాలా పాత బస్సుల తలుపులో, అందులోనూ మధ్యలో కడ్డీ ఉంటే, అది పట్టదు. అప్పుడే మడవాలి. మెత్త తీసి మనిషి కిందే వేయాలి, కాళ్ల పలకలు పైకి లేపాలి, సీటు గుడ్డని మధ్యలో పట్టుకుని పైకి లాగాలి. మడిచాక అది సుమారు 30 సెంటీమీటర్ల మందం ఉంటుంది. బ్రేకు వేసి, కండువాతోనో బెల్టుతోనో కడ్డీకి కట్టాలి. కట్టకపోతే మొదటి బ్రేకుకే విచ్చుకుని పక్కవాళ్ల కాళ్ల మీద పడుతుంది.

లోఫ్లోర్ బస్సులో ఈ తంటా ఏదీ అక్కర్లేదు. దిగేవాళ్లు దిగాక వీల్‌చైరే ముందెక్కాలి. నిలబడేవాళ్లు నిండాక దారి దొరకదు. లోపల కుర్చీని అడ్డంగా పెట్టకూడదు. ముందుకీ వెనక్కీ కంటే పక్కకి ఒరగడం దానికి తేలిక, మలుపులో పడిపోతుంది. వీల్‌చైర్ చోటులో బస్సుకే బిగించిన వీపు పలక ఉంటే, మనిషి ముఖం బస్సు వెనక వైపు ఉండేలా తిప్పి, కుర్చీ వీపును ఆ పలకకి ఆనించి, రెండు బ్రేకులూ వేయాలి. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే మనిషి ముందుకి ఎగిరిపోకుండా పలక ఆపుతుంది. బెల్టులతో కట్టే రకమైతే కుర్చీకి వేరే బెల్టు, మనిషికి వేరే బెల్టు. రెంటికీ కలిపి ఒక్కటే వేయడం సర్దుబాటు కాదు, పొరపాటు.

“పిల్లల బండికీ అదే హక్కు. ఇంగ్లండు సుప్రీంకోర్టే చెప్పింది.”

చెప్పలేదు. 2012 ఫిబ్రవరి 24న ఇంగ్లండులో వెదర్బీ నుంచి లీడ్స్ వెళ్లే బస్సు ఎక్కడానికి డగ్ పాలీ అనే వీల్‌చైర్ ప్రయాణికుడు వచ్చారు. వీల్‌చైర్ చోటులో నిద్రపోతున్న బిడ్డతో ఒక తల్లి బండి ఉంది. డ్రైవరు అడిగితే బండి మడవడానికి రాదంటూ ఆమె జరగలేదు, ఆయన ఎక్కలేకపోయారు. 2017 జనవరి 18న అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, డ్రైవరు ఒక్కసారి అడిగి ఊరుకుంటే చాలదు. కాదనడం సబబు కాదనిపిస్తే గట్టిగా చెప్పాలి, అవసరమైతే కాసేపు బస్సు కదపకుండా ఒత్తిడి తేవాలి. ఆ ప్రయాణికురాలిని బలవంతంగా దించేయాలని కోర్టు అనలేదు. ముందెక్కినవాళ్లదే జాగా అని అంతకన్నా అనలేదు. అదీ వాళ్ల చట్టం కింద వచ్చిన తీర్పు, మన బస్సులకి వర్తించదు. మెసేజ్ రాసినవాళ్లు తెచ్చారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

తేడా సులువుగానే తెలుస్తుంది. బిడ్డని ఒళ్లోకి తీసుకోవచ్చు, బండి మడవచ్చు. విశాఖ బస్సుల్లో పిల్లల బండ్లు కనిపించేది తక్కువే, చంటిబిడ్డ చంకనే ఉంటుంది. బండి తెచ్చుకునేవాళ్లు బస్సు వచ్చేలోపే కింది బుట్ట ఖాళీ చేసి, హ్యాండిల్‌కి తగిలించిన సంచి తీసేసి, మడిచి గొళ్లెం పడేలా నొక్కి ఉంచుకోవాలి. ఆ సంచి ఉండగా బిడ్డని ఎత్తగానే బండి వెనక్కి పడుతుంది. గొడుగులా మడిచే బండి 5 నుంచి 7 కిలోలు ఉంటుంది, డ్రైవరు వెనక పలక పక్కన నిలువుగా పడుతుంది. తల్లి ఒక్కతే ఉంటే బిడ్డతో తను ముందెక్కి, బండిని కింద ఉన్నవాళ్ల చేత అందించుకోవాలి. జాగా ఖాళీగా ఉండి, బిడ్డ బండిలోనే ఉంటే బ్రేకు వేసి, బిడ్డ ముఖం బస్సు వెనక వైపు ఉండేలా పెట్టి, చెయ్యి వదలకూడదు.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు లేకపోవడం, ఉన్న పిల్లల కోసం తయారయ్యే కుర్చీ కొంచెం పెద్ద పిల్లల బండిలాగే కనిపిస్తుంది. తలకి ఆనింపు, ఛాతీకి పట్టీలు ఉంటాయి. అది వీల్‌చైరే. “అంత పెద్ద పిల్లాడిని ఇంకా బండిలోనా” అని ఆ అమ్మని అడగొద్దు.

“లగేజీకి టికెట్టుంది, జరపమనలేరు.”

టికెట్టు మోసుకెళ్లడానికి ఇచ్చిందే, ఫలానా చోటే పెట్టుకుంటామనే హక్కు దాంతో రాదు. నిలబడి వెళ్లే మనిషీ టికెట్టు కొన్నవాడే, సీటు ఇప్పించమంటే కుదురుతుందా? 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణం, అదే స్త్రీ శక్తి పథకం, మొదలయ్యాక సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ రద్దీ ఎలా ఉందో ఎక్కేవాళ్లకి చెప్పనక్కర్లేదు. దారిలో పెట్టిన ప్రతి సంచీ నిలబడే ఒక మనిషి చోటు తినేస్తుంది.

25 కిలోల బియ్యం బస్తాని తీసుకోండి. బస్సు గట్టిగా బ్రేకు వేస్తే, గురుత్వ త్వరణంలో సగం చొప్పున వేగం తగ్గిందనుకుంటే, ఆ బస్తాని 12 కిలోలకి పైగా బరువుతో తోసినట్టే. నున్నటి నేల మీద అది జారుతుంది. నాలుగు చక్రాల సూట్‌కేసుకి అంత బ్రేకు కూడా అక్కర్లేదు, పాండురంగపురం డౌన్‌లో దానంతట అదే డ్రైవరు దాకా వెళ్తుంది. రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కేవాళ్లు దాన్ని పడుకోబెట్టాలి, లేదా మోకాళ్ల మధ్య బిగించుకోవాలి. ముందు ఇంజను ఉన్న బస్సుల్లో బానెట్ (డ్రైవరు పక్కనుండే ఇంజను మూత) పక్కన చోటు ఉంటుంది కానీ డ్రైవరుకి ఎడమ అద్దం కనిపించనంత ఎత్తు పేర్చకూడదు. బానెట్ వేడికి పూలూ ఆకుకూరలూ వాడిపోతాయి, పూర్ణా మార్కెట్ నుంచి వచ్చేవాళ్లకి ఇది తెలిసిందే. చేపల గంపైతే కింద పట్టా వేయాలి. కారిన నీళ్ల మీద వీల్‌చైర్ బ్రేకు వేసినా ఉపయోగం లేదు, చక్రం తిరగకపోయినా కుర్చీ జారిపోతుంది.

కండక్టరు జరపమంటే జరపాలి, అది ఆయన రోజూ చేసే పనే. “కొంచెం సర్దుకోండి” అంటే ఎవరూ కదలరు. “ఆ నల్ల పెట్టె బానెట్ పక్కకి తియ్యండమ్మా” అంటే తీస్తారు.

“ఎలక్ట్రిక్ బస్సులు వస్తే అన్నీ సర్దుకుంటాయి.”

బస్సు బ్యాటరీతో నడిచినంత మాత్రాన నేల కిందకి దిగదు. ఎలక్ట్రిక్ బస్సుల్లోనూ 900 మిల్లీమీటర్ల ఎత్తువి ఉన్నాయి. మోటారు ఏదన్నది కాదు, నేల ఎత్తు ఎంత, ర్యాంపు ఉందా అని అడగాలి. ర్యాంపు ఉన్నంత మాత్రాన పని చేస్తుందనీ లేదు. చేత్తో తెరిచే ర్యాంపు నేలలోకి దిగి ఉండే ఒక పలక, అంచున కీలు. కీలులో ఇసుక చేరుతుంది, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, నెలల తరబడి తెరవకపోతే బిగుసుకుపోతుంది. రోజూ డిపోలో ఒకసారి తెరిచి మూస్తే చాలు, పెద్ద మరమ్మతు అక్కర్లేదు. ర్యాంపు అంచుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందు ఉంటే కుర్చీ చిన్న చక్రం అందులో ఇరుక్కోవచ్చు.

కేంద్ర మోటారు వాహన నిబంధనలకి తెచ్చిన సవరణ 2020 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రత్యేక సీట్లు, ఊతకర్రలూ వాకర్లూ పెట్టుకునే ఏర్పాటు, చేతి కడ్డీలు, వీల్‌చైర్ ఎక్కే దారి, నిలిపే చోటు, బిగించే ఏర్పాటు ఉన్నాయో లేదో ఫిట్‌నెస్ తనిఖీలో చూడాలి. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల లోపు బస్సుకి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. తనిఖీ బస్సుకే గానీ రూటుకి కాదు. అందుకే ర్యాంపు తెరుచుకోలేదని ఫిర్యాదు రాసేటప్పుడు రూటు నంబరు ఒక్కటే రాస్తే ఏ బస్సో తేలదు. ఏపీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, ఎక్కబోయిన స్టాపు, బస్సు ఫుట్‌పాత్‌కి ఎంత దూరంలో ఆగిందీ, ఏ భాగం పనిచేయలేదన్నదీ రాయండి. వీలైతే ర్యాంపు కీలు ఫోటో కూడా జత చేయండి.