గుంటూరు పరువు, ఎలుక పెంటిక

నగర గౌరవానికి సంబంధించిన విషయం కాబట్టి ఇది నలుగురికీ చెప్పకుండా దాచాలి. ఎలా దాచాలో తెలియక రాస్తున్నాను.

బ్రాడీపేటలో మా ఇంటికి రెండు లైన్ల అవతల థాయ్ హోటల్ పెట్టారు. గట్టిగా లెక్కపెడితే ఆరు బల్లలు. ఓనరు తెనాలి కుర్రాడే, బ్యాంకాక్‌లో కొన్నేళ్ళు వంట చేసి వచ్చాడు. మహా మర్యాదస్తుడు. గొడవంతా ఆ మర్యాదతోనే వచ్చింది.

మొన్న ఆదివారం అక్కనీ బావనీ తీసుకెళ్ళాను. బావకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. టిక్కీ, అంటే మిరప బస్తా, విప్పకముందే వాసన చూసి ధర చెప్పగలడు. అలాంటి మనిషిని పట్టుకుని ఓనరు ఎంతో వినయంగా, "కారం ఎంత వేయమంటారు సార్? తక్కువా, మీడియమా?" అన్నాడు.

పక్క బల్లవాళ్ళు కూడా తినడం ఆపి చూశారు.

"మీ దగ్గర ఎంతుంటే అంత వెయ్యవయ్యా" అన్నాడు బావ.

సోమ్ తమ్ వచ్చింది. పచ్చి బొప్పాయి కోరు, పల్లీలు, నిమ్మరసం, కాస్త బెల్లం, అన్నీ రోట్లో వేసి దంచింది. "దీనికోసం సముద్రం దాటి వెళ్ళాడా? మా అమ్మ దోసకాయ పచ్చడి ఇలాగే కచ్చాపచ్చాగా నూరేది" అంటూ బావ నిండుగా నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మాట లేదు. అక్క పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, బావ నోరు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదలు. కళ్ళు తుడుచుకుని చాలాసేపటికి, "జలుబు" అన్నాడు. మే నెల, గుంటూరు, జలుబు.

ఆ పచ్చడిలో పడింది చిటికెన వేలిలో సగం లేని మిరపకాయ. అక్కడ దాన్ని ప్రిక్ ఖీ నూ అంటారట. ఎలుక పెంటిక మిరప అని అర్థం కూడా చెప్పాడు ఓనరు, ఎవరూ అడక్కపోయినా. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో మన గుంటూరు సన్నం మిరప 35,000, 40,000 దగ్గర ఆగుతుంది. ఇది 50,000తో మొదలై 1,00,000 దాకా పోతుంది. ఈ అంకెలు బావకు చెప్పలేదు. ఇంట్లో బీపీ మాత్రలున్నాయి గానీ వెంట తీసుకెళ్ళలేదు.

ఇంకోటి కూడా చెప్పలేదు. మిరప మనదీ కాదు, వాళ్ళదీ కాదు. అమెరికా ఖండంలో పుట్టినదాన్ని 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు ఓడలకెక్కించి ఇటు తెచ్చారు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంది. అంటే ఆ వీరులంతా ఒక్క మిరపకాయ కూడా కొరక్కుండానే కత్తులు దూశారు. బ్రహ్మనాయుడి చాపకూటిలో కారం ఉందంటే అది మిరియాలదే. మన పౌరుషానికి మిరపే కారణమని ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నవాళ్ళం ఇప్పుడేం చెయ్యాలో పెద్దలే తేల్చాలి.

తర్వాత టామ్ యమ్ వచ్చింది. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, దబ్బాకు లాంటి ఆకు, రొయ్యలు. 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన వంటకమిది. అక్క ఒక్క చెంచా తాగి, "చారే. పోపు మర్చిపోయారు" అని తేల్చేసింది. (శాకాహారులు మాత్రం ముందే అడగాలి. మనకు ఉప్పెలాగో వాళ్ళకు చేపల సాస్ అలాగ.)

బావ అవస్థ చూసి ఓనరు అడక్కుండానే మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన జిగురు అన్నం తెచ్చి పెట్టాడు. డబ్బులొద్దన్నాడు. "కారం సరిపోయిందా సార్?" అంటే, బావ ముక్కు ఎగబీల్చి, "ఇంకాస్త పడాలి" అన్నాడు.

బిల్లు కట్టేటప్పుడు నేనొక్కణ్ణే ఉన్నానని చూసుకుని ఓనరు దగ్గరికొచ్చాడు. ఆర్డరు చీటీ చూపించాడు. దాని మీద 'గుంటూరు' అని రాసుంది.

"ఏమనుకోకండి సార్. మీడియం కంటే ఒక మెట్టు తక్కువ వెయ్యమనడానికి మా వంటింట్లో ఆ పేరు పెట్టుకున్నాం. ఇవాళ కొత్త కుర్రాడు వచ్చాడు. ఊరి పేరు చూసి నిజమనుకున్నాడు."