చివరి ట్రైలర్ మాటేమిటి?

లారీకి మరో పది టన్నులు ఎక్కువ వేసుకోనివ్వమని రవాణా సంస్థలు అడిగినప్పుడల్లా అదే తగువు మళ్లీ మొదలవుతుంది. బండి యజమాని డీజిల్ లెక్క చెబుతాడు, రోడ్ల ఇంజనీరు గుంతలు చూపిస్తాడు. ఇద్దరి మాటా నిజమే. 120 టన్నుల సరుకును 30 టన్నులు పట్టే బండి నాలుగు ట్రిప్పుల్లో చేరవేస్తే, 40 టన్నులు పట్టేది మూడింటితో ముగిస్తుంది. ఒక ట్రిప్పు డీజిలూ, ఒక డ్రైవరు రాత్రి నిద్రా మిగులుతాయి. అయితే ఆ 40 టన్నులు ఎన్ని ఇరుసుల మీద కూర్చున్నాయో, వెనక తగిలించిన ట్రైలర్ ఎలా నడుస్తోందో తేలకుండా అనుమతి ఇవ్వాలా వద్దా అని కొట్లాడుకోవడం దండగ.

రోడ్డుకు బండి మొత్తం బరువు పెద్దగా పట్టదు. దానికి తెలిసిందల్లా ఒక్కో ఇరుసు కింద పడే బరువే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒటావా దగ్గర, పరీక్ష కోసమే ప్రత్యేకంగా రోడ్లు వేసి 1958 నుంచి 1960 దాకా సైనికుల చేత వాటి మీద లారీలు తిప్పించారు. ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్న లెక్క అక్కడ తేలింది. ఇరుసు మీద 10 టన్నులకు బదులు 12 వేస్తే పెరిగిన బరువు ఐదో వంతే, రోడ్డుకు తగిలే దెబ్బ మాత్రం రెట్టింపు. అదనపు బరువుతో పాటు అదనపు ఇరుసూ వస్తే ఈ దెబ్బ తప్పుతుంది. న్యూజిలాండ్ 2013లో తెచ్చిన ‘50మ్యాక్స్’ కిటుకు అదే. మామూలు 44 టన్నుల బండి కంటే 50 టన్నుల బండికి ఒక ఇరుసు ఎక్కువ, మొత్తం తొమ్మిది. రోడ్డు అరుగుదల పాత బండిని మించకుండా చూసుకున్నారు.

వంతెన లెక్క వేరు. ఇరుసుల మధ్య దూరం ఎంతన్నది దానికి ముఖ్యం. ఒకే బరువును పొట్టి బండిలో కుక్కితే అంతా ఒకేచోట పడుతుంది. పొడుగు బండిలో పరిస్తే, చిన్న వంతెన మీద ముందు చక్రాలు అవతలికి దిగిపోయే వేళకు వెనక చక్రాలు ఇంకా ఎక్కే ఉండవు. పొడుగు బండిని చూసి జనం హడలిపోతారు గానీ వంతెనకు అదే నయం. మలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పొడుగే చిక్కు తెస్తుంది.

అందుకే పొడుగూ బరువూ కొలిచి వదిలేయకుండా బండి నడకను పరీక్షించే పద్ధతిని ఆస్ట్రేలియా 2007 నుంచి అమలు చేస్తోంది. దక్షిణాఫ్రికా కూడా కలప లారీలతో ఇలాంటి ప్రయోగమే చేసింది. ఆస్ట్రేలియా పద్ధతిలో భద్రతకు 16 ప్రమాణాలు, రోడ్లూ వంతెనల రక్షణకు 4. తిరగగలిగే రోడ్లను బట్టి బండ్లకు నాలుగు స్థాయిలు. నిర్ణీత మలుపు తిరిగేటప్పుడు బండి మొత్తం ఆక్రమించే వెడల్పు 7.4 మీటర్లు దాటకపోతే మొదటి స్థాయి రోడ్లకు పనికొస్తుంది. నాలుగో స్థాయిలో 13.7 మీటర్ల దాకా ఒప్పుకుంటారు, అలాంటి బండికి దొరికే దారులూ తక్కువే.

బండి పక్కకు ఒరిగే పరీక్షను చూస్తే ఈ పద్ధతి మనసు తెలుస్తుంది. లోడుతో ఉన్న బండిని ఒక బల్ల మీద నిలబెట్టి, బల్లను ఒకవైపు నుంచి మెల్లగా లేపుతారు. బండి పడిపోకుండా గొలుసులు కడతారు. పైకి లేచిన వైపు టైర్లు బల్లను వదిలే క్షణం కోసం అందరూ కళ్లప్పగించి చూస్తారు. ఆస్ట్రేలియా ప్రమాణం 0.35 జీ (భూమి ఆకర్షణలో 0.35 వంతు పక్క తోపుడు), అంటే సుమారు 19 డిగ్రీల వాలు దాకా బండి నిలబడాలి. ప్రమాదకర ద్రవాలు మోసే ట్యాంకర్లకైతే 0.40. ప్రతి బండినీ ఇలా బల్ల ఎక్కించరు, కంప్యూటర్ లెక్కతో నిరూపించినా చాలు. అయితే ఆ లెక్కలో లోడు ఎంత ఎత్తున ఉందన్నది కీలకం. ఉక్కు చుట్టలతో నిక్షేపంగా నిలబడే ట్రైలరే, అదే బరువున్న గడ్డిమోపులను ఆకాశానికి పేరిస్తే పరీక్ష తప్పవచ్చు.

ఇక చివరి ట్రైలర్. ఎదురుగా ఏదో అడ్డొచ్చి డ్రైవరు స్టీరింగ్ చటుక్కున తిప్పితే ఇంజను బండి కొద్దిగా ఊగుతుంది, మొదటి ట్రైలర్ ఇంకాస్త, చివరిది కొరడా కొసలా విసురుగా. క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి ఆ విసురు తెలిసేలోపే వెనక చక్రాలు లేచి ఉండొచ్చు. రెండో ట్రైలర్‌ను మొదటిదాని వెనక భాగం మీదే కూర్చోబెట్టి బిగిస్తే ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. మధ్యలో కడ్డీతో లాగే డాలీ అనే చిన్న చక్రాల బండి పెడితే ఆ ఆసరా పోతుంది. రెండిట్లోనూ బరువు ఒకటే కావచ్చు, టైర్లూ ఒకటే కావచ్చు, నడక మాత్రం ఒకటి కాదు.

కాబట్టి పెంచిన బరువుకు అనుమతిచ్చే సర్టిఫికెట్ ఇంజను బండికి ఒకటి, ట్రైలర్‌కు ఒకటి అని విడివిడిగా ఇస్తే ప్రయోజనం లేదన్నది మా అభిప్రాయం. ఏ లారీకి ఏ ట్రైలర్, ఏ కప్లింగ్‌తో (రెండిటినీ కలిపే బిగింపుతో), ఎంత ఎత్తు లోడుతో అన్నది కలిపి ఇవ్వాలి. యార్డులో అర్ధరాత్రి హడావిడిలో దొరికిన ట్రైలర్ తగిలించుకుని బయల్దేరితే ఆ ట్రిప్పుకు పెంచిన బరువు చెల్లకూడదు. యజమానులకు ఇది చిరాకే. బండి నాదైతే ఏ ట్రైలర్ తగిలిస్తే మీకేమిటి అంటారు. పది టన్నులు అదనంగా వేసుకుంటున్నందుకు ఆ మాత్రం కట్టుబాటు తప్పదు.

దారి కూడా సర్టిఫికెట్‌లో భాగమే. స్వీడన్ 2018లో 74 టన్నుల బండ్లకు అనుమతిచ్చినప్పుడు దేశమంతా తలుపులు తీయలేదు. ఆ బరువు మోయగల రోడ్లకు ‘బీకే4’ అని వేరే తరగతి పెట్టింది. అసలు చిక్కు హైవే దిగాక వస్తుంది. గోదాముకో మిల్లుకో వెళ్లే ఆఖరి రెండు కిలోమీటర్లూ ఏదో చిన్న స్థానిక సంస్థవి. అక్కడి కల్వర్టు ఎంత బరువు ఆగుతుందో చెప్పగల ఇంజనీరు వారికి ఉండడు, ఫైలు కదలదు. ఆస్ట్రేలియాలో జాతీయ భారీ వాహనాల నియంత్రణ సంస్థే స్థానిక కౌన్సిళ్ల వంతెనలను పరీక్షించి పెట్టే పని చేపట్టాల్సి వచ్చింది. ఆ ఖర్చును లాభపడే రవాణా సంస్థలు కూడా పంచుకోవాలి. రోడ్డు చవకైతే రైలు సరుకు తగ్గుతుందన్న అభ్యంతరమూ ఉంది, అది వేరే చర్చ.

నిఘా లేకపోతే ఇదంతా కాగితాల మీదే మిగులుతుంది. అనుమతి ఉన్న దారిలోనే బండి వెళ్తోందో లేదో జీపీఎస్‌తో చూడవచ్చు, ఇరుసుల మీద బరువెంతో బండిలోనే అమర్చిన తూకం చెబుతుంది. పెంచిన బరువు కావాలన్నవారు ఈ రెండూ పెట్టుకోవడానికి ముందే ఒప్పుకోవాలి. ఓవర్‌లోడును కళ్లు మూసుకుని వదిలేసే వేబ్రిడ్జిలు సరిదిద్దుకోనిదే ఏ ప్రభుత్వమైనా ఈ సర్టిఫికెట్లు మొదలుపెడితే మేము సమర్థించం.