పోలీసాయన పోతే ఫ్లెక్సీ మీద ఏం రాస్తున్నాం?

రిటైరై ఊళ్ళో సేద్యం చేసుకునే పోలీసాయన పోతే పెద్దకర్మ నాటికి ఊరి మొదట్లో ఫ్లెక్సీ లేస్తుంది. టోపీ పెట్టుకున్న పాత ఫోటో, పక్కన తువ్వాలు వేసుకున్న కొత్త ఫోటో, కింద 'నిజాయతీకి మారుపేరు, నేలతల్లి ముద్దుబిడ్డ'. పక్క ఊరి పోలీసాయన పేరు మార్చి పెట్టినా సరిగ్గా సరిపోతుంది. నా గొడవంతా అక్కడే.

ముందు హోదా. ఊళ్ళో ఖాకీ వేసిన ప్రతివాడూ 'ఎస్సై సారే' కాబట్టి ఫ్లెక్సీ మీదా ఎస్సైనే అవుతాడు. పాత ఫోటోలో భుజం చూస్తే చాలు. ఒక నక్షత్రం, ఎరుపు నీలం పట్టీ ఉంటే ఏఎస్సై. అదే పట్టీతో రెండు నక్షత్రాలుంటే ఎస్సై, మూడుంటే ఇన్‌స్పెక్టరు. పట్టీ లేకుండా మూడుంటే డీఎస్పీ. భుజం ఖాళీగా ఉండి చేతి మీద మూడు గీతలుంటే హెడ్ కానిస్టేబులు. కానిస్టేబులుగా చేరి ముప్పై ఐదేళ్ళకు ఏఎస్సైగా దిగిపోవడం చిన్న విషయమా? దానికి లేని నక్షత్రం అతికించడమెందుకు?

ఏ విభాగమో కూడా రాయరు. సివిల్ పోలీసులకే స్టేషన్లు, కేసులు, సమన్లు. ఆర్మ్‌డ్ రిజర్వ్ అయితే గార్డు డ్యూటీ, ఖైదీల ఎస్కార్టు, బందోబస్తు. బెటాలియన్ అయితే ఎన్నికలకీ జాతరలకీ ఎక్కడికి పంపితే అక్కడికి. ఏఆర్‌లో చేసినాయన 'ఎన్నో కేసులు ఛేదించారు' అని రాస్తే ఆయన బ్యాచ్ వాళ్ళు నవ్వుకుంటారు. బందోబస్తులో పన్నెండు గంటలు నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు ఉబ్బిన సంగతి మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా కనబడదు.

తేదీలకు ఇంట్లో పీపీఓ, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు తీయండి. చివరి హోదా, పుట్టిన తేదీ, చేరిన తేదీ, దిగిన తేదీ అందులోనే ఉంటాయి. పుట్టిన తేదీ జులై 1 అని ఉంటే కొంచెం అనుమానించండి. బడిలో పంతులు వేసిన తేదీ కావచ్చు. సర్వీసు లెక్క మాత్రం దాని మీదే నడుస్తుంది. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు ముందు నెల చివరి రోజునే దిగిపోతారు. 1957 జులై 1 అని రాసి ఉన్న తెలంగాణ ఉద్యోగి 58 నిండి 2015 జూన్ 30న ఇంటికొచ్చాడన్నమాట.

ఇక సేద్యం. ఉద్యోగానికి సర్వీసు రిజిస్టరుంది, ఇంక్రిమెంటు ఆపినా రివార్డు ఇచ్చినా ఎక్కుతుంది. సేద్యానికి ఏముంది? సర్కారు లెక్కలోనూ ఆయన సగం రైతే. నెలకు పదివేలు, ఆపైన పింఛనుంటే, నాలుగో తరగతి ఉద్యోగులకు తప్ప, పీఎం కిసాన్ రాదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమా 59 ఏళ్ళ వరకే. ఈ మధ్య 61కి రిటైరవుతున్నవాళ్ళు ఉద్యోగం దిగేసరికే ఆ గీత దాటేసి ఉంటారు. తమాషా ఏంటంటే, ఆయన భూమి కొంత రికార్డయింది పోలీసు ఆఫీసులోనే. ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం ఏటా జనవరిలో ఇచ్చే ఆస్తుల పట్టికలో సర్వే నంబరుతో సహా ఉంటుంది. జిరాక్సులు బీరువాలో దొరకొచ్చు.

పట్టికలో లేనిది పొలంలో ఉంది. వరి వేసిన పోలీసాయన మడి చూడండి. ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట, తూర్పు పడమరగా, తాడు పట్టి తీసినట్టు ఉంటుంది. చాలామంది రైతులు 'నాలుగు సాళ్ళు పోతాయి' అని వదలరు. బాట లేని మడిలో గాలాడక దుబ్బు మొదట్లో సుడిదోమ చేరి, గుండ్రంగా చాపలు చాపలుగా ఎండబెడుతుంది. పరేడ్ అలవాటు పనికొచ్చింది ఇక్కడే. ఎకరానికి ఇరవై కిలోల జింక్ సల్ఫేటు దమ్ములో వేసేటప్పుడు భాస్వరం ఉండే డీఏపీ ఎరువుతో కలపకుండా మూడు రోజులు ఎడం పెట్టేవాడా? కలిపితే భాస్వరం జింకును పట్టేసి మొక్కకు అందనివ్వదు, డబ్బులు బురదలో పోసినట్టే. అది తెలిసినవాడైతే ఆ ముక్క రాయండి. 'ఆదర్శ రైతు' కన్నా వెయ్యి రెట్లు నయం.

బోరు సంగతి ఇంకా ముఖ్యం. మనిషితో పాటు లెక్కా పోతుంది. ఎన్ని అడుగుల బోరు, కేసింగు ఎంతవరకు, మోటారు ఏ లోతులో ఉంది? ఇరవై అడుగుల పైపులు పదకొండు దించితే మోటారు 220 దగ్గర ఉన్నట్టు. అది తెలియక మోటారు కాలినప్పుడు బయటికి లాగేవాళ్ళు మధ్యలో తాడు తెంపితే మోటారూ పైపులూ లోపలే. కరెంటు సర్వీసు కనెక్షను నంబరు స్టార్టరు డబ్బా మూత లోపల గీసి పెట్టి ఉంటే అదృష్టమే.

చివరగా, 'రిటైరయ్యాక రైతుగా మారారు' అన్న వాక్యం దాదాపు ఎప్పుడూ అబద్ధమే. నాట్లకు సెలవడిగితే 'బందోబస్తుంది' అనే డిపార్టుమెంటులో ముప్పై ఐదేళ్ళు చేసినవాడి పొలం అన్నాళ్ళూ బీడు పడలేదు కదా. కూలోళ్ళను పిలిచింది, రాత్రి కరెంటుకు మోటారు వేసింది, ఎరువు బాకీ కట్టింది ఆయన భార్య. ఆయన జీతం పంపాడు, ఆవిడ సేద్యం చేసింది. పైపులెన్నో, ఏ మడిలో ఊట ఎక్కువో, ఏ ఏడు బోరు ఎండిందో ఆమెకు తెలుసు. బంధువులు వెళ్ళాక ఒక పూట కూర్చుని అడిగి రాసుకోండి. ఫ్లెక్సీ మీద అల్లుళ్ళ పేర్లు, మనవళ్ళ పేర్లు, ఫ్లెక్సీ కట్టించిన నాయకుడి ఫోటో కూడా ఉన్నాయి. ఆమె పేరు మాత్రం లేదు.